అడుగు వేగం, మందు మోతాదు: శరీరంపై ధరించే చలన సెన్సార్ల ఉపయోగం

హెక్టారుకు పడే కలుపు మందు మోతాదు సీసాపై ఉన్న సిఫారసుతో పాటు స్ప్రేయరు మోసే మనిషి నడకపై కూడా ఆధారపడి ఉంటుంది. సాధారణంగా ఈ నడక వేగాన్ని టేపు, గడియారాలతో కొద్ది దూరంలో కొలిచి, పొలమంతటికీ అదే వర్తిస్తుందని భావిస్తారు. దమ్ము చేసిన మడిలో, నిండు ట్యాంకుతో నడిచేటప్పుడు ఆ వేగం నిలకడగా ఉండదు.

లెక్కలో నడక స్థానం

నాజిల్ నుంచి నిమిషానికి వచ్చే లీటర్లను 600తో హెచ్చించి, పిచికారీ వెడల్పు (మీటర్లు), నడక వేగం (గంటకు కిలోమీటర్లు) లబ్ధంతో భాగిస్తే హెక్టారుకు పడే ద్రావణం తెలుస్తుంది. ఉదాహరణకు నిమిషానికి 0.8 లీటర్లు, 1 మీటరు వెడల్పు, 2.4 కి.మీ. వేగం ఉంటే 200 లీటర్లు పడుతుంది. వేగం 1.8 కి.మీ.కు తగ్గితే ఇది సుమారు 267 లీటర్లకు పెరుగుతుంది. అంటే మందు మూడో వంతు అధికమై పైరుకు హాని కలగవచ్చు. వేగం 3.2 కి.మీ. అయితే 150 లీటర్లే పడి, కలుపు మిగిలిపోవచ్చు.

సెన్సార్ల పనితీరు

19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎటియెన్ జూల్ మారే బూటు అడుగున గాలి అరను అమర్చి, పాదం నేలను తాకే క్షణాలను తిరిగే స్తూపంపై నమోదు చేశాడు. నేడు అగ్గిపెట్టెంత పరికరంలో యాక్సిలరోమీటరు త్వరణాన్ని, గైరోస్కోపు కోణీయ వేగాన్ని కొలుస్తాయి. సాధారణ నడకలో ఒక చక్రంలో సుమారు 60 శాతం కాలం పాదం నేలపైనా, 40 శాతం గాలిలోనూ ఉంటుంది. త్వరణాన్ని సమాకలనం చేసి వేగాన్ని, దాని నుంచి దూరాన్ని రాబడతారు. ఈ ప్రక్రియలో స్వల్ప దోషమూ క్రమంగా పేరుకుపోతుంది. కనుక పాదం నేలపై నిశ్చలంగా ఉన్న ప్రతిసారీ వేగాన్ని సున్నాగా సరిచేస్తారు.

బురద నేలలో పరిమితి

దమ్ములో పాదం దిగబడి జారుతుంది కనుక పై సవరణ పూర్తిగా నమ్మదగినది కాదు. అక్కడ నడుముకు కట్టిన సెన్సార్‌తో అడుగుల సంఖ్యను, లయను గుర్తించి, ముందే కొలిచి గుర్తులు పెట్టిన దూరంతో సరిపోల్చడం మేలు. పరికరం తడవకుండా, కదలకుండా ప్రతిసారీ ఒకేచోట బిగించాలి.

విద్యార్థులకు సూచన

ఒకే వ్యక్తి, ఒకే నాజిల్, మంచినీటితో మెట్ట నేలలోనూ, దమ్ము మడిలోనూ, నిండు ట్యాంకుతోనూ, సగం ట్యాంకుతోనూ నడక వేగాన్ని కొలిచి పోల్చవచ్చు. 16 లీటర్ల ట్యాంకులో నీటి బరువే 16 కిలోలు. పని సాగేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది, అలసట పెరుగుతుంది. వేగంపై ఈ రెండింటి ప్రభావాన్ని విడదీసి చూడటమే ఇందులో అసలు ప్రశ్న.

కొలతకు ముందు కూలీల సమ్మతి తప్పనిసరి. అడుగు మందగించినట్లు తేలితే దానిని వారి సోమరితనంగా లెక్కకట్టి కూలి తగ్గించడానికి వాడరాదు. ట్యాంకు బరువును, విశ్రాంతి వేళలను, ద్రావణం గాఢతను సరిదిద్దడానికి వినియోగించినప్పుడే ఈ కొలత పైరుకూ, మనిషికీ మేలు చేస్తుంది.