రేకుల షెడ్డులో ఉస్తాద్

సోయా కోతలు మొదలయ్యాయంటే డోంగ్లి మండలంలో ఎవరికీ ఒక్క పూట వృథా చేసుకునే వీలుండదు. కోసి కుప్ప వేసిన పంట మీద వాన పడితే గింజ రంగు మారుతుంది, ధర పడిపోతుంది. సరిగ్గా అలాంటి పూటే నూర్పిడి మిషన్ షాఫ్టు విరుగుతుంది. కంపెనీ షాఫ్టే కావాలంటే నాందేడ్‌కో హైదరాబాద్‌కో ఫోన్ చేయాలి. అది బస్సెక్కి వచ్చేదాకా కుప్ప అట్లాగే ఉండాలి. విరిగిన ముక్కలు రెండూ గోనెసంచిలో వేసుకుని మద్నూర్‌కో, దెగ్లూర్‌కో, బోధన్‌కో పోతే మాత్రం సాయంత్రానికల్లా కొత్త షాఫ్టు చేతికొస్తుంది. అక్కడ ఇనుమును తిప్పి కోసే లేత్ ముందు నిలబడ్డ మనిషిని ఒకసారి గమనించండి. చాలాచోట్ల ఆయన తల నెరిసే ఉంటుంది. పక్కన పని అందుకునే పిల్లవాడు ఉంటే మీ అదృష్టం. ఎక్కువ చోట్ల ఉండడు.

2022లో మద్నూర్ నుంచి విడిపోయి మండలమైన డోంగ్లి తెలంగాణకు అంచున ఉంది. అటు మహారాష్ట్ర, ఇంకాస్త పోతే కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడం కలిసి వినిపించే నేల ఇది. ఏ భాషవాళ్లైనా లేత్ మీద పనిచేసే పెద్దమనిషిని పిలిచే పిలుపు మాత్రం ఒక్కటే, ఉస్తాద్. ఈ కథనం ఆ ఉస్తాద్‌ల గురించి, వాళ్ల ఇళ్ల వెనకున్న రేకుల షెడ్ల గురించి, ఆ షెడ్లలో ఉన్న చదువు గురించి.

విదేశాల్లో ఇంటి పక్క గ్యారేజీలో చిన్న లేత్ పెట్టుకుని, సరదాగా ఆవిరి ఇంజన్ల నమూనాలు చేసుకునే రిటైర్డ్ మనుషులు వేలల్లో ఉంటారు. మన దగ్గర సరదాకూ బతుకుదెరువుకూ మధ్య గోడ అంత గట్టిది కాదు. పొద్దున రైతు తెచ్చిన బుష్ తిప్పి నాలుగు పైసలు తీసుకున్న ఉస్తాదే మధ్యాహ్నం పని లేనప్పుడు ఇత్తడి ముక్క చక్‌లో బిగించి మనవడికి బొంగరం చేస్తాడు, తనకు నచ్చిన కొలతలో చేతికర్రకు పిడి చేస్తాడు. ఎవరూ అడగని పని అది, డబ్బులు రాని పని కూడా. ఆయన నైపుణ్యం ఎంతటిదో చూడాలంటే మధ్యాహ్నం వెళ్లాలని నా అభిప్రాయం.

ఫ్యాక్టరీ ఒక బడి

ఈ చేతులు ఎక్కడ తయారయ్యాయో తెలియాలంటే మంజీర నది వెంట బోధన్ దాకా పోవాలి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు చెరుకును తెచ్చాయి, చెరుకు 1937లో శక్కర్‌నగర్‌కు నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దానికి పేరు. చక్కెర ఫ్యాక్టరీ అంటే బాయిలర్లు, గానుగలే కాదు, దానికి సొంత మిషన్ షాపు కూడా ఉంటుంది. క్రషింగ్ సీజన్ ఆగగానే అక్కడ అసలు హడావుడి మొదలవుతుంది. చెరుకు పిండే రోలర్లు అరిగి, వాటి గాళ్లు మొండిబారి ఉంటాయి. టన్నుల బరువున్న ఆ రోలర్లను క్రేన్‌తో పెద్ద లేత్ మీదికి ఎక్కించి మళ్లీ గాళ్లు తీయాలి. పంపుల షాఫ్టులు, వాల్వులు, గన్‌మెటల్ బుష్‌లు, అన్నీ వచ్చే సీజన్‌లోపు సిద్ధం కావాలి. ఏటా అదే పని, ఏటా కొత్త చిక్కు. ఒక కుర్రవాడు హెల్పర్‌గా చేరి టర్నర్‌గా తేలడానికి ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది?

2002లో ఆ ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు రైతు నష్టం గురించి, కార్మికుల జీతాల గురించి పత్రికలు రాశాయి, రాయాల్సిందే. ఆ మిషన్ షాపుతో పాటు ఒక బడి మూతపడిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. హైదరాబాద్ కథ కూడా దాదాపు ఇదే. 1942 నాటి ఆల్విన్, 1943 నాటి ప్రాగా టూల్స్, తర్వాత వచ్చిన హెచ్ఎంటీ వేలమందికి కొలతంటే ఏమిటో నేర్పాయి. వాటి వెలుగు తగ్గాక మనుషులు బాలానగర్ చిన్న షాపుల్లోకి, కొందరు సొంతూళ్లకు చెదిరిపోయారు. చేతిలో పని ఉన్నవాళ్లు పాత లేత్ ఒకటి కొనుక్కున్నారు. రాజ్‌కోట్‌లో చేసినదో, బటాలాలో చేసినదో, నాలుగున్నర అడుగులదో, ఆరడుగులదో. ఇంటికి మూడు ఫేజుల కరెంటు ఉండదు కాబట్టి సింగిల్ ఫేజ్ మోటార్ తగిలించుకున్నారు.

స్కేలు చెప్పే సంగతి

ఆ షెడ్లలో ఏం నేర్చుకోవచ్చో ఒకటి రెండు దగ్గరగా చూద్దాం.

కోసే టూల్ మొన, లేత్ మీద తిరిగే ముక్క అంటే జాబ్ కేంద్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. కిందికుంటే తిరిగే జాబ్ టూల్ మీదికెక్కి కూర్చుంటుంది, పైకుంటే కోయకుండా రుద్దుతుంది. పుస్తకాల్లో దీనికి గేజులు, పద్ధతులు చాలా ఉన్నాయి. ఉస్తాద్ జేబులోంచి ఆరంగుళాల ఉక్కు స్కేలు తీస్తాడు. మిషన్ ఆపి, ఆ పల్చటి స్కేలును గుండ్రటి జాబ్‌కూ టూల్ మొనకూ మధ్య నిలువుగా పెట్టి, టూల్‌ను మెల్లగా ముందుకు జరిపి ఆనిస్తాడు. స్కేలు నిటారుగా నిలబడితే టూల్ సరిగ్గా కేంద్రంలో ఉన్నట్టు. స్కేలు పైకొస తనవైపు వాలితే టూల్ కిందికుంది, అవతలికి వాలితే పైకుంది. ఒక పల్చటి రేకు ముక్క టూల్ కింద పెట్టి మళ్లీ చూస్తాడు. అంతా అర నిమిషం. కళ్లజోడు నంబరు పెరిగిన మనిషికి కూడా స్కేలు వాలిందో లేదో స్పష్టంగా కనబడుతుంది. దీన్ని ఒక్కసారి చూసిన పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

ఇంకొకటి. పాత ఇనుప సామాన్ల నుంచి తెచ్చిన రాడ్ ఏ ఉక్కో తెలియకపోతే గ్రైండింగ్ చక్రానికి ఆనించి రవ్వలు చూస్తారు. మెత్తటి ఉక్కైతే లేత పసుపు గీతలు పొడుగ్గా, తక్కువ కొమ్మలతో సాగుతాయి. కార్బన్ ఎక్కువున్నదైతే గుత్తులు గుత్తులుగా పేలతాయి. పోతినుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా రాలతాయి. నూర్పిడి మిషన్ షాఫ్టుకు మెత్తటి రాడ్ వేస్తే వారంలో వంగుతుంది, ఇఎన్ 8 లాంటి గట్టి ఉక్కు కావాలి. రైతు డబ్బులు మిగిలేదీ పోయేదీ ఆ రవ్వల దగ్గరే తేలుతుంది.

మర తీయడం అంటే థ్రెడ్డింగ్ దగ్గర లెక్కలు కూడా వస్తాయి. మన పాత లేత్‌లలో చాలావాటికి మర తీసేటప్పుడు టూల్‌ను నడిపే లీడ్ స్క్రూ అంగుళాల లెక్కది. కొలతలకు కూడా ‘సూతు’ వాడే తరం అది, ఎనిమిది సూతులు ఒక అంగుళం. ఇప్పుడొచ్చే బోల్టులు ఎక్కువగా మిల్లీమీటర్లవి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని ఐదుతో గుణిస్తే 127. అందుకే 127 పళ్ల గేర్ ఒకటి ఉంటే అంగుళాల లేత్ మీద కచ్చితమైన మిల్లీమీటర్ మర వస్తుంది. అంత పెద్ద గేర్ లేనివాళ్లు 63 పళ్ల దానితో సరిపెడతారు. సరైన గేర్లు జత చేస్తే దాంతో వంద మిల్లీమీటర్ల పొడవుకు దాదాపు 0.0125 మిల్లీమీటర్ తేడానే వస్తుంది. మామూలు బోల్టుకు, నట్టుకు అది లెక్కలోకి రాదు. ఏ గేర్‌కు ఏ గేర్ జత అన్న పట్టిక మిషన్‌తో పాటు రేకు మీద అచ్చయి వస్తుంది. పాత మిషన్‌లకు ఆ రేకు చెరిగిపోయి ఉంటుంది. పట్టిక ఉస్తాద్ తలలో ఉంటుంది, లేదా షెడ్డు తలుపు మీద చాక్‌పీస్‌తో రాసి ఉంటుంది. గుణకారం వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లకు గంటలో అర్థమయ్యే లెక్క ఇది. బడిలో నిష్పత్తులు ఎందుకు నేర్పారో కూడా ఆ గంటలోనే అర్థమవుతుంది.

వెనక్కి తిరిగి నిలబడే అలవాటు

అన్నీ మెచ్చుకోదగ్గవే కావు. మన పనివాళ్లలో పాత అలవాటు ఒకటుంది, ఒడుపు చెప్పకపోవడం. టూల్‌కు సాన పట్టేటప్పుడు కుర్రవాడికి వీపు చూపించి నిలబడే ఉస్తాద్‌లు ఉండేవారు. ‘చూసి నేర్చుకో’ అంటారు, చూడనివ్వరు. పని తెలిస్తే రేపు ఎదురుగా దుకాణం పెడతాడన్న భయం. కూలి తక్కువగా ఉన్న రోజుల్లో ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ ఇప్పుడు ఎదురుగా దుకాణం పెట్టేవాడే కరువయ్యాడు. ఇంకా దాచుకుంటే అది ఎవరికీ మిగలదు.

దాచుకున్న విద్య ఏమవుతుందో ఈ ప్రాంతానికి బాగా తెలిసి ఉండాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఉక్కు ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చుకున్న వాటికి ఆధారం అలాంటి ఉక్కే. సర్వే శాఖలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త అయిన హెచ్.డబ్ల్యు. వాయ్‌సీ ఇక్కడి కొలుములను కళ్లారా చూసి రాసిన వివరం ఆయన చనిపోయాక 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలపడం, మూసల్లో పెట్టి గంటల తరబడి కాల్చడం అందులో ఉన్నాయి. చౌకగా దిగుమతైన ఉక్కు ఆ కొలుములను ఆర్పేసింది, నిజమే. అయితే ఆ విద్య మళ్లీ లేవలేకపోవడానికి అది కొన్ని ఇళ్ల మనుషుల చేతుల్లోనే ఉండిపోవడం కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ఈనాటికీ శాస్త్రవేత్తలు మూసల పెంకులు, చిట్టెం ముక్కలు ఏరి అప్పుడేం చేశారో ఊహించుకుంటున్నారు. మనకు ప్రధానంగా మిగిలినవి చూసిన పరాయి మనిషి రాసిన పేజీలే.

దాచుకోనివాళ్లూ మనవాళ్లలోనే ఉన్నారు. కోయంబత్తూరు జి.డి. నాయుడు (1893–1974) తమిళనాట స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టారు. ఒక ఇంగ్లిష్ అధికారి మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టి, అదే బండి కొని, మొత్తం విప్పి మళ్లీ బిగించారు. ఆయన మొదటి ఇంజినీరింగ్ పాఠం అదే. 1920లో ఒక్క బస్సుతో మొదలై, మోటార్లు, షేవింగ్ రేజర్లు చేసే దాకా వెళ్లిన ఆ మనిషి 1945లో పాలిటెక్నిక్ పెట్టించి, ఏళ్ల తరబడి చెప్పే చదువును పనిచేయిస్తూ తక్కువ కాలంలో చెప్పవచ్చని వాదించారు.

చింతకింది మల్లేశం సంగతి మనకు ఇంకా దగ్గరిది. ఆలేరు దగ్గర శారాజీపేటలో అమ్మ లక్ష్మి ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించడం చూసి 1992లో ఆ పని చేసే యంత్రం మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా ఒక కదలిక కుదరలేదు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో కరెంటు పని చేస్తుండగా అక్కడి మిషన్‌లో తనకు కావాల్సిన కదలిక కనిపించింది. దాంతో 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యూనిట్ తలుపు మూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెరిచి ఉంది, ఆయన చూశారు.

ఎవరు వింటారు, ఎవరు రాస్తారు

ఇంగ్లండ్‌లో పెర్సివల్ మార్షల్ అనే ఆయన 1898లో ‘మోడల్ ఇంజినీర్’ పత్రిక మొదలుపెట్టారు. ఇంటి లేత్ మీద పనిచేసేవాళ్లు తమ కిటుకులు తామే రాసుకున్న పత్రిక అది, తరాలు దాటి నడిచింది. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి రిటైరైన మగవాళ్ల కోసం ఊరుమ్మడి షెడ్లు వెలిశాయి. ఎదురెదురుగా కూర్చుంటే నోరు మెదపనివాళ్లు పక్కపక్కన పనిచేస్తూ బాధలన్నీ చెప్పుకుంటారని అక్కడివాళ్ల అనుభవం. మన దగ్గర బ్రిగేడియర్ గణేశం నడిపే ‘పల్లె సృజన’ చిన్న శోధయాత్రల పేరుతో ఊళ్ల వెంట నడుస్తూ, బడికి పోని ఆవిష్కర్తలను వెతికి పట్టుకుంటోంది. కొత్తది కనిపెట్టినవాళ్లకు ఆ తోడు దొరికింది. కొత్తదేమీ కనిపెట్టకుండా ఉన్నదాన్ని నలభై ఏళ్లు తప్పు లేకుండా చేసినవాళ్ల దగ్గరికి ఎవరు వెళ్లాలి?

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు, రోబోలు రావాలి, మంచిదే. కానీ సీఎన్‌సీ మీద కూర్చునే పిల్లకూ టూల్ ఎందుకు అరుస్తోందో, కోస్తే రాలే ఇనుప చిప్పు నీలంగా ఎందుకు మారిందో తెలియాలి. ఆ చెవి, ఆ కన్ను చేతి లేత్ మీదే వస్తాయి. టర్నర్ ట్రేడ్ రెండేళ్ల చదువులో వారానికి ఒక పూట చుట్టుపక్కల ఉస్తాద్ షెడ్డులో గడపాలని పెడితే, ఆ పూటకు ఆయనకు గౌరవంగా ఫీజు ఇస్తే ఖజానాకు పెద్ద బరువేమీ కాదు. ఊరికే రమ్మనడం మాత్రం తప్పు. నేర్పడం కూడా పనే, దానికి కూలి ఉండాలి.

నేర్చుకోవడానికి వెళ్లే పిల్లలు ఉస్తాద్‌కు కొంత సాయం కూడా చేయగలరు. శుక్లాలు ముదిరిన కంటికి వెర్నియర్ గీతలు కనబడవు. అంకెలు కనిపించే డిజిటల్ కాలిపర్ ఒకటి చేతికిచ్చి వాడకం చూపించవచ్చు. షెడ్డులో వెలుతురు చాలకపోతే మంచి ఎల్‌ఈడీ దీపం చక్ మీదికి వచ్చేలా కట్టవచ్చు. చక్ కీ దాంట్లోనే వదిలేసి స్విచ్ వేయడం, భుజం మీద తువ్వాలతోనో, జారిన లుంగీతోనో తిరిగే జాబ్ దగ్గర వంగడం, వయసు పైబడ్డాక జరిగే పెద్ద ప్రమాదాలు ఇవే. ‘పెద్దాయనా, తువ్వాల తీసెయ్యి’ అని చెప్పే మనిషి పక్కనుంటే చాలు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. పెద్దాయన పోయాక లేత్‌ను కిలోల లెక్కన పాత ఇనుముకు అమ్మేయడం ఈమధ్య మామూలైంది. అమ్మక తప్పకపోవచ్చు. ఆ రోజు రాకముందే ఫోన్ తీసి షెడ్డు తలుపు మీది రాతలను ఫోటో తీయండి. గేర్ల డబ్బా విప్పి ఒక్కోదాని పళ్లు లెక్కపెట్టి, అంకె పెయింటుతో రాయండి. 6205 బేరింగ్ అంటే చివరి రెండంకెలను ఐదుతో గుణించి 25 మిల్లీమీటర్ల షాఫ్టు అని ఆయనెట్లా చెబుతాడో అడిగి రికార్డు చేయండి. ఆయన సాన పట్టేటప్పుడు వీడియో తీయండి, మొహం కాదు, వేళ్లు కనబడేట్టు. సోయా అమ్ముడుపోయి శనగ వేసేలోపు షెడ్డులో పని తక్కువగా ఉంటుంది. అప్పుడు వెళ్లండి, మధ్యాహ్నం పూట.