సముద్రము దాటి వచ్చిన ఉత్తరములు

యుద్ధరంగమునందున్న సైనికునకు అన్నము, ఆయుధములు ఎంత ముఖ్యములో ఇంటి క్షేమసమాచారము నంత ముఖ్యము. ఆ సమాచారము రాకపోకలు సాగించుట యెంత కష్టమో, మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సు దేశమందు పోరాడిన భారతీయ సిపాయిల ఉత్తరములు మనకు తెలుపుచున్నవి.

1914వ సంవత్సరము సెప్టెంబరు మాసమున భారతసేన మార్సేల్స్ రేవున దిగెను. అందలి సిపాయిలలో పెక్కుమంది పంజాబు, గఢ్వాలు మున్నగు ప్రాంతముల రైతుబిడ్డలు. ఎన్నడును చూడని దేశము, ఎముకలు కొరుకు చలి, బురద నిండిన కందకములు, ఎడతెగని ఫిరంగుల మ్రోత—ఇట్టి స్థితిలో వారి మనస్సులు స్వగ్రామముల చుట్టును తిరుగుచుండెడివి. ఇంట తల్లి యెట్లున్నది? పైరు పండినదా? అప్పు తీరినదా? ఇవి తెలిసికొనుటకు ఉత్తరమే వారికి ఆధారము.

కాని వారిలో అనేకులకు వ్రాతరాదు. చదువుకొన్న తోటి సిపాయిని బతిమాలి, తాము చెప్పుచుండగా వ్రాయించుకొనెడివారు. వారములు గడచి ఆ ఉత్తరము ఊరు చేరిన పిమ్మట, అక్కడను చదువు వచ్చినవారెవరో దానిని చదివి వినిపింపవలెను. కావున భర్త భార్యతో చెప్పదలచిన మాట సైతము పరుల చేతి మీదుగను, పరుల నోటి మీదుగను సాగవలసి వచ్చెను.

అంతేకాదు. సిపాయిల ఉత్తరములను పటాలములో నొకసారి, బులోన్ పట్టణమునందలి తనిఖీ కార్యాలయములో మరియొకసారి పరీక్షించెడివారు. సేనల జాడ శత్రువునకు తెలియరాదు. సిపాయిల నిరాశ స్వదేశమున వ్యాపింపరాదు. వారి మనోభావములు మాత్రము ప్రభుత్వమునకు తెలియవలెను. ఇదియే తనిఖీ యొక్క ఉద్దేశము.

ఈ సంగతి నెరిగిన సిపాయిలు కొందరు మరుగుమాటలు పన్నిరి. హిందూస్థానీలో మిరియములకును మిరపకాయలకును ‘మిర్చి’ యనియే పేరు. నల్ల మిర్చి యనగా భారతీయ సైనికులు, ఎర్ర మిర్చి యనగా తెల్ల సైనికులు. నల్ల మిర్చి తరిగిపోవుచున్నదని వ్రాసినచో, మనవారెందరో మరణించిరని ఇంటివారు గ్రహింపవలెను. కొందరు తమ బాధను పద్యములలో వెళ్ళబోసికొనిరి. తొలుత ఆ కార్యాలయమును నిర్వహించిన ఈవ్లిన్ హోవెల్ ఈ పద్యములను జూచి, ఇవి సిపాయిల మనఃక్లేశమునకు చిహ్నములని తన నివేదికలో వ్రాసెను.

ఆ ఉత్తరములలో దుఃఖమొక్కటే లేదు. ఫ్రాన్సులో స్త్రీలు చదువుకొని, పొలము పనులును ఇంటి వ్యవహారములును స్వయముగా చక్కబెట్టుకొనుట జూచి, మన ఆడపిల్లలను గూడ బడికి పంపుడని ఇంటికి హితవు చెప్పిన సిపాయిలును కలరు.

కాలక్రమమున అసలు ఉత్తరములలో చాల భాగము నశించినవి. కాని తనిఖీ అధికారులు ఆంగ్లమున అనువదించి నివేదికలకు జతపరచిన భాగములు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికిని భద్రముగ నున్నవి. సిపాయి మాటకు కళ్ళెము వేయుటకై యేర్పడిన కార్యాలయమే ఆ మాటను మనకు మిగిల్చినది! యుద్ధచరిత్రలలో సేనానుల పేర్లు కానవచ్చును. పైరును గూర్చి, తల్లిని గూర్చి తపించిన సామాన్య సిపాయి హృదయము మాత్రము ఈ ఉత్తరములలోనే కానవచ్చును.