నడిచే యాత్రికుడికి కావాల్సిన మజిలీ

నెల్లూరు దాటి మద్రాసు వైపు పోయే హైవే మీద వస్తుంది వెంకటాచలం. బస్సులో వెళ్లేవారికి రెప్పపాటులో దాటిపోయే ఊరు. నెల్లూరు నుంచి నడిచేవారికి మాత్రం ఒక పూట ప్రయాణం.

మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకుని 1831లో నెల్లూరు మీదుగానే ఇంటికి చేరారు. ఆయనది పల్లకీ ప్రయాణమే అయినా, మోసే బోయీలకూ వెంట వచ్చిన పరివారానికీ నడకే. అందుకే మజిలీ మజిలీకీ ఆయన చూపు ఒకటే: దిగడానికి సత్రం ఉందా, మంచినీళ్లు దొరుకుతాయా, అంగళ్లలో సరుకులున్నాయా? ఈ వివరాలన్నీ ‘కాశీయాత్ర చరిత్ర’లో కనిపిస్తాయి. సత్రాన్ని బస చేసినవాడి కళ్లతో చూపించడమే ఆ పుస్తకం గొప్ప.

నడిచేవాడి అవసరాలు ఇప్పటికీ అవే. తిరుమలకు అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. మూటాముల్లె కిందే అప్పజెప్పి చేతులూపుకుంటూ ఎక్కితే, సామాను కొండమీద అందుతుంది. పైన ఉచిత అన్నప్రసాదం. నిత్యాన్నదానం 1985లో మొదలైంది.

కొండ దగ్గర ఉన్న ఈ ఆదరణ హైవే మీద కూడా ఉండాలి. బొబ్బలెక్కిన పాదాలకు కావాల్సింది ఏసీ గది కాదు: కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఆడవాళ్లు నిశ్చింతగా పడుకునే చోటు, తెల్లవారుజామున మూడింటికే తెరిచే గేటు.