‘రోబో’ మాటలోనే వెట్టి ఉంది!
జీడీలో, ఇంటర్వ్యూలో పనికొచ్చే సైన్స్ ఫిక్షన్ ప్రశ్నలు

‘ఏఐ వస్తే మన జాబులు ఉంటాయా?’ నల్గొండలోనైనా, పాలమూరులోనైనా ఫైనలియర్ విద్యార్థులు నలుగురు కలిస్తే వచ్చే మాట ఇదే. గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ ఇస్తే సగం మంది ‘పోతాయి’ అంటారు, సగం మంది ‘కొత్తవి వస్తాయి’ అంటారు. చర్చ అక్కడే ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు ఎలా పోవాలో సైన్స్ ఫిక్షన్ రచయితలు వందేళ్ల కిందటే చూపించారు.

నాటకంలో పుట్టిన పేరు

చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకం రాశాడు. ఓ దీవిలోని ఫ్యాక్టరీలో కృత్రిమ మనుషులను తయారుచేసి, చాకిరీ కోసం ప్రపంచమంతా అమ్ముతుంటారు. వాళ్లకు ‘రోబో’ అన్న పేరు సూచించింది చాపెక్ అన్న జోసెఫ్. చెక్ భాషలో ‘రొబొటా’ అంటే ఒకప్పుడు రైతులు భూస్వామికి కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. మన మాటల్లో వెట్టి. నాటకం చివరికి ఆ రోబోలు తిరగబడతాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన జిల్లాలవాళ్లకు డిక్షనరీ అక్కర్లేదు. దొర గడీలో వెట్టిచాకిరీ ఎట్లుండేదో తాతలు చెప్పగా విన్న ఇళ్లు ఇక్కడ చాలానే. 1944లో ఆంధ్రమహాసభ జరిగిన భువనగిరి, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి.. రెండూ అప్పటి నల్గొండ జిల్లాలోవే. పని ఒకరిది, ఫలం ఇంకొకరిదా? ఆ పోరాటం అడిగిన ఈ ప్రశ్ననే చాపెక్ నాటకమూ అడిగింది. ఈ రోజు ఏఐ గురించి అడగాల్సిందీ ఇదే.

కాశీలో యూనిట్లు.. పాలమూరులో వలస

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో టైమ్ మెషీన్ ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఇంకోసారి 2504వ సంవత్సరానికి వెళ్తుంది. కథంతా నడిపేది మాత్రం ఓ వజ్రం మీద ఆశ. యంత్రం మారినా మనిషి బుద్ధి మారలేదు.

నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ (2024) ఇంకాస్త మన దగ్గరికొస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా ఐతోలు ఆయన కుటుంబం సొంతూరు. సినిమాలో కాశీలో గంగ ఎండిపోయింది. నీళ్లు, పచ్చదనం, కడుపునిండా తిండి ‘కాంప్లెక్స్’లోనే. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. వాటి కోసం హీరో భైరవ ఏ పనికైనా సిద్ధం. ఇది కల్పనే. కానీ కృష్ణా నది పక్కనే పారుతున్నా, మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని దూర రాష్ట్రాల్లో డ్యాములు, కాలువలు తవ్వడానికి పోయిన పాలమూరు కూలీల మనవళ్లకు ఆ కాశీ కొత్తగా అనిపించదు.

బకెట్‌లోనూ టెక్నాలజీ ఉంది

నల్గొండ ఫ్లోరైడ్ గోస తెలియనిది కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎక్కువైతే పళ్లు గారబడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు వంకర పోతాయి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన విధానానికి మన జిల్లా పేరే పెట్టారు: ‘నల్గొండ టెక్నిక్’. నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపితే ఫ్లోరైడ్‌లో చాలా భాగం మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వాడుకోవచ్చు. ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లిన పద్ధతి ఇది.

అయితే రోజూ కొలత తప్పకుండా పటిక వేసేదెవరు? మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలి? పరికరం కనిపెట్టగానే కథ అయిపోదు. దాన్ని నడిపే మనుషుల దగ్గర అసలు కథ మొదలవుతుంది. మంచి సైన్స్ ఫిక్షన్ పట్టుకునేది ఈ భాగాన్నే.

ఇలా వాడుకోండి

ఏ కొత్త టెక్నాలజీ మీద ప్రశ్న వచ్చినా ఈ మూడూ వేసుకోండి:

1. దీనివల్ల ఎవరి పని తగ్గుతుంది? మిగిలిన లాభం ఎవరికి చేరుతుంది?
2. దీన్ని రోజూ నడిపేదెవరు? చెడిపోతే బాధ్యత ఎవరిది?
3. ఇది అందనివాళ్లు ఎవరు?

ఉదాహరణకు ‘వ్యవసాయంలో డ్రోన్లు’ అని టాపిక్ ఇచ్చారనుకోండి. మందు కొట్టే కూలీకి విషం పీల్చే బాధ తప్పుతుంది, కానీ ఆ రోజు కూలి పోతుంది. డ్రోన్ కొనలేని రెండెకరాల రైతుకు అది అద్దెకు దొరకాలి. ఆపరేటర్, రిపేరు పనులు ఊళ్లోనే నేర్పిస్తే అక్కడే కొత్త ఉపాధి. ఇలా చెప్తే మీ సమాధానం ‘అవును-కాదు’ దాటిపోతుంది. మీ ఊరు మీకు తెలుసన్న సంగతీ బోర్డుకు అర్థమవుతుంది.

వీటితో మొదలుపెట్టండి

హెచ్.జి.వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ (1895) చిన్న నవల. పనిచేసేవాళ్లు, సుఖపడేవాళ్లు రెండు వేర్వేరు జాతులుగా చీలిపోతే ఏమవుతుందో చూపిస్తుంది. రోబోలకు మూడు సూత్రాలు పెట్టిన ఐజాక్ అసిమోవ్ కథలు ఇంటర్ ఇంగ్లిష్‌తోనే చదవొచ్చు. ఆ సూత్రాలు ఎక్కడెక్కడ బెడిసికొడతాయో చెప్పడమే వాటిలో మజా.

చదివాక ‘2050లో మా ఊరు’ అని ఒక పేజీ తెలుగులోనే రాసి చూడండి. నీళ్లు ఎక్కడివి, పని ఎవరిది, యంత్రం ఎవరి చేతిలో ఉంది అన్నవి అందులో ఉండాలి. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మొదలుపెట్టినప్పుడు మేరీ షెల్లీ వయసు 18 ఏళ్లే. అంటే డిగ్రీ ఫస్టియర్ వయసు!