చెపాక్ రాజభవనం – చిత్తూరు సీమ: నిర్మాణం, పునరుద్ధరణ

మద్రాసు మెరీనా తీరానికి ఎదురుగా ఉన్న చెపాక్ రాజభవనాన్ని ఆ నగర చరిత్రలో భాగంగానే చదవడం పరిపాటి. కాని దాని కథలో చిత్తూరు సీమకూ స్థానముంది.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కోసం 1768 నాటికి ఈ భవనం రూపొందింది. దీనిని కట్టించినవాడు పాల్ బెన్‌ఫీల్డ్ అని ప్రసిద్ధి. నవాబుకు అప్పులిచ్చి ధనవంతుడైన ఈ కంపెనీ ఉద్యోగినే ఎడ్మండ్ బర్క్ 1785లో బ్రిటిష్ పార్లమెంటులో తీవ్రంగా దుయ్యబట్టాడు. ఆ అప్పుల భారం రాజధానిలోనే ఆగలేదు. చంద్రగిరి, తిరుపతి ప్రాంతాలు అప్పుడు నవాబు ఏలుబడిలోనివి. తిరుమల ఆలయ ఆదాయాన్ని నవాబు కంపెనీకి రుణం కింద అప్పగించాడు. ఆలయ సొమ్ముతోనే భవనం లేచిందనడం అతిశయోక్తి. కాని ఆ సొమ్మును, భవనాన్ని కలిపిన రుణవ్యవస్థ ఒక్కటే. 1801లో కర్ణాటక పాలన కంపెనీ పరమైంది. చివరి నవాబు 1855లో మరణించాక భవనం ప్రభుత్వానికి దక్కింది.

ఆపై రెవెన్యూ బోర్డు ఇక్కడికి చేరింది. ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం చిత్తూరే కాబట్టి, ఆ కలెక్టరు శిస్తు వ్యవహారాలు మళ్ళీ ఈ ప్రాంగణానికే వచ్చి చేరేవి. బోర్డు అవసరాలకోసం రాబర్ట్ చిషోమ్ కలస్ మహలు, హుమాయూన్ మహలుల మధ్య గోపురాన్ని చేర్చాడు. ఆయనే 1883లో చంద్రగిరి పాత రాజభవనాన్ని గురించి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో వ్యాసం రాయడం గమనార్హం.

చంద్రగిరి రాజమహలు రాయి, ఇటుక, సున్నాలతో, కలప లేకుండా కట్టినది. చెపాక్ మిద్దెలు అందుకు భిన్నం. మద్రాసు పద్ధతిలో టేకు దూలాలపై ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, సున్నపు కాంక్రీటు పరిచేవారు. తేలికైన, చల్లని పైకప్పు అది. నిప్పు ముందు మాత్రం నిలవదు. 2012 జనవరిలో కలస్ మహలు కాలిపోవడంతో ఈ బలహీనత బయటపడింది. పైకప్పు కూలింది, ఒక అగ్నిమాపక అధికారి ప్రాణాలు కోల్పోయాడు. చరిత్రాత్మక భవనాన్ని ప్రభుత్వ కార్యాలయంగా కాగితాలతో నింపడంలోని ప్రమాదాన్ని అంతకుముందే పట్టించుకోవలసింది.

పునరుద్ధరణలో అసలు ప్రశ్న సిమెంటా, సున్నమా అన్నది. తీరప్రాంతపు గాలిలోని ఉప్పు గోడల్లోకి చేరుతుంది. సిమెంటు పూత తేమను బయటికి పోనివ్వదు. ఉప్పు దాని వెనుక స్ఫటికాలుగా గట్టిపడి ఇటుక ముఖాన్ని పొడిపొడిగా రాలుస్తుంది. సున్నపు పూత గాలిని, తేమను సాగనిస్తుంది, పాడైతే తానే రాలి ఇటుకను కాపాడుతుంది. అందువల్ల చెపాక్ పనుల్లో కరక్కాయ, బెల్లం కలిపిన సున్నాన్ని ఆశ్రయించారు. తెలుగు మేస్త్రీలు గానుగ సున్నమని పిలిచే పద్ధతికి ఇది దగ్గరిదే. సున్నం గట్టిపడడానికి చాలా కాలం పడుతుంది; గుత్తేదారు తొందరకు, బిల్లుల గడువుకు అది లొంగదు. పనివాళ్ళ నైపుణ్యం మీదే అంతా ఆధారపడుతుంది.

మరి ఏ కాలపు భవనాన్ని నిలబెట్టాలి? 1768 నాటి నవాబు నివాసాన్నా, చిషోమ్ మార్చిన కార్యాలయాన్నా? గోపురాన్ని తొలగించి ఉంటే తొలిదశ స్పష్టమయ్యేది, శిస్తు కచేరీ చరిత్ర మాత్రం చెరిగిపోయేది. గోపురం నిలిచే ఉంది. కలస్ మహలులో ఇప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం కొలువుదీరుతోంది.