కంచె దాటే ఏనుగు

చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం ప్రాంతాల రైతులకు పంట చేతికొచ్చే రోజుల్లో కంటి మీద కునుకుండదు. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. అలాంటివి పదీ పన్నెండూ కలిసి చెరకుతోటలో దిగితే తెల్లవారేసరికి ఏం మిగులుతుందో మీరే ఊహించండి! ఏనుగుల బారినపడి ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులున్నారు. కరెంటు తీగలు తగిలి చచ్చిన ఏనుగులూ ఉన్నాయి.

సుమారు రెండు వందల ఏళ్లపాటు ఈ అడవుల్లో ఏనుగులే లేవు. 1980ల్లో అవి తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

మొదట్లో రైతులు డప్పులు కొట్టారు, టపాకాయలు కాల్చారు. ఏనుగులు కొన్నాళ్లు బెదిరాయి. చప్పుడు వల్ల దెబ్బేమీ తగలడం లేదని తెలిశాక బెదరడం మానేశాయి. తర్వాత కందకాలు తవ్వారు. ఏనుగులు కాలితో గట్టును తన్ని, మన్ను లోపలికి కూలదోసి, ఆ వాలు మీదుగా దాటాయి.

ఇక సోలార్ కంచె. సూర్యరశ్మితో నిండిన బ్యాటరీ నుంచి తీగలోకి విద్యుత్తు ఆగి ఆగి, క్షణంలో చిన్న భాగంపాటు మాత్రమే ప్రవహిస్తుంది. అందువల్ల గట్టిగా షాక్ కొడుతుందే గాని ప్రాణం తీయదు. (కరెంటు స్తంభం నుంచి దొంగతనంగా తీగ లాగి కట్టే కంచె వేరు. అది ఏనుగునే కాదు, మనిషినీ చంపుతుంది.) ఈ సోలార్ కంచెకూ ఏనుగు ఉపాయం కనిపెట్టింది. ఎండుకొమ్మను తీగ మీద పడేస్తుంది, లేదా దంతంతో తీగను తెంపుతుంది. ఎండుకర్రా దంతమూ విద్యుత్తును సరిగా ప్రసరింపనీయవు. ఈ సూత్రం ఏనుగు ఏ బడిలోనూ చదవలేదు. ఏది తగిలితే నొప్పి, ఏది తగిలితే నొప్పి లేదు అని పరీక్షించి తెలుసుకుంది, అంతే.

రెండు వందల ఏళ్ల ఎడం వల్ల ఇక్కడి పల్లెల్లో ఏనుగు సంగతి తెలిసిన పెద్దలు లేరు. ఎవరినడగాలి? దేశంలోకెల్లా అడవి ఏనుగులు ఎక్కువగా ఉన్న కర్ణాటక పక్కనే ఉంది. మావటీల విద్య అక్కడ తరతరాలుగా వస్తున్నది. 2024 సెప్టెంబరులో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2025 మే 21న కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించింది. కుంకీ అంటే మావటి మాట విని అడవి ఏనుగును ఎదుర్కొనేలా తర్ఫీదు పొందిన ఏనుగు. మన మావటీలకు శిక్షణ కూడా ఆ ఒప్పందంలో భాగమే. చప్పుడుకూ తీగకూ లొంగని అడవి ఏనుగు తన జాతిదే ఎదురొచ్చి నెడితే వెనక్కి తగ్గుతుంది.

అయితే నాలుగు కుంకీలు ప్రతి చేనికీ కాపలా కాయలేవు గదా! అందుకే కంచెలు ఇంకా కావాలి. పచ్చిగడ్డి పెరిగి తీగకు తగిలితే విద్యుత్తు నేలలోకి జారిపోయి షాక్ బలం తగ్గుతుంది. వాన పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు కొడవలి పట్టుకుని ఆ గడ్డి కోయాల్సిందే.