లాగిన్ చిట్టాలో ఏం రాయాలి, ఏం రాయకూడదు?

హాస్టల్ గేటు రిజిస్టర్‌లో ఎవరు, ఎన్నింటికి, లోపలికా బయటికా అన్నవే రాస్తారు. వెబ్‌సైట్ లాగిన్ లాగ్ కూడా అలాంటిదే. మా ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్‌ని జాంగోలో కట్టినప్పుడు లాగిన్ భాగం నేను చూశాను. అప్పుడు తెలిసిన నాలుగు సంగతులు చెప్తాను.

ఒకటి: విఫలమైన లాగిన్లే కాదు, సఫలమైనవీ రాయాలి. ఒకే ఐపీ అడ్రస్ నుంచి ఎవరో 200 సార్లు ప్రయత్నించి, 201వ సారి లోపలికి వచ్చారనుకోండి. ఆ చివరి వరుసే అసలు ప్రమాదం. అది లాగ్‌లో లేకపోతే దాడి పారలేదనుకుని మనం హాయిగా పడుకుంటాం. లాగిన్, లాగౌట్, విఫలం: ఈ మూడింటికీ జాంగోలో సిగ్నల్స్ ఉన్నాయి. వాటికి మన ఫంక్షన్ తగిలిస్తే చాలు.

రెండు: పాస్‌వర్డ్ ఎప్పటికీ లాగ్‌లో పడకూడదు. డేటాబేస్‌లో హాష్ చేసి దాచి, లాగ్ ఫైల్లో మామూలు అక్షరాల్లో వదిలేస్తే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. 2018 మేలో ట్విట్టర్ బయటపెట్టిన లోపం ఇదే. హాషింగ్ పూర్తికాకముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లోకి చేరాయి. వాడేవాళ్లందరినీ పాస్‌వర్డ్ మార్చుకొమ్మని చెప్పాల్సొచ్చింది. ఇంకో చిక్కుంది. తొందరలో కొందరు యూజర్‌నేమ్ గడిలో పాస్‌వర్డ్ కొట్టేస్తారు. అందుకే డేటాబేస్‌లో లేని పేరు వస్తే మేం ఆ పేరు రాయం. టైము, ఐపీ, పక్కన 'తెలియని యూజర్' అని రాస్తాం, అంతే.

మూడు: సెట్టింగ్స్. డీబగ్ ఆన్‌లో ఉంచి సైట్‌ని బయటికి వదిలితే, ఎర్రర్ వచ్చినప్పుడల్లా మన కోడ్ ముక్కలు, వేరియబుల్ విలువలు చూసేవాళ్లకి కనిపిస్తాయి. సీక్రెట్ కీ ఒకసారి గిట్‌హబ్‌లోకి వెళ్తే, ఫైల్లోంచి తీసేసినా పాత కమిట్లలో ఉంటుంది. కీ మార్చాల్సిందే. అసలు దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకోవడం మేలు.

నాలుగు: ఎన్నాళ్లు ఉంచాలి? సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలని ఉంది. సర్వర్ గడియారాలు సరిచూసుకోవాలనీ ఉంది. టైము తప్పైతే ఏది ముందో ఏది వెనకో తేలదు కదా!

మన సైట్ చిన్నదే కావచ్చు. కానీ అందులో మన ఫ్రెండ్ కొట్టే పాస్‌వర్డే వాడి మెయిల్‌కీ ఉండొచ్చు.